అన్నం సరే, సంచి ఎక్కడ పెట్టుకుంటారు?

చిరంజీవి మేనకోడలికి, అత్తయ్య ఆశీస్సులు.

విశాఖపట్నం రైల్వేస్టేషనుకి జ్ఞానాపురం వైపు మీరంతా కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారని, ఇల్లూ వాకిలీ లేనివాళ్లు పగటిపూట వచ్చి కూర్చునే చోటుగా దాన్ని తెరుస్తున్నారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత సంతోషం కలిగిందో! చాలా ఏళ్లు ఆ పనిలోనే ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక మాట విను. ఉన్న డబ్బు వంటగది మీద పెట్టకు.

అన్నం అక్కర్లేదని కాదమ్మా. అన్న క్యాంటీన్లో 5 రూపాయలకి భోజనం దొరుకుతోంది. గుళ్ల దగ్గర, చర్చిల దగ్గర పెడుతూనే ఉంటారు. దొరకనిదల్లా సంచి దించుకునే చోటు. ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషికి ఆధార్ కార్డు, మందులు, ఒక జత బట్టలు, అన్నీ ఆ సంచిలోనే. కునుకు తీస్తే దొంగ పట్టుకుపోతాడు. రోడ్డు ఖాళీ చేయించే రోజున చెత్తబండిలోకి పోతుంది. దాన్ని భుజాన వేసుకుని, మూడు రోజుల మాసిన చొక్కాతో కూలీల అడ్డా మీద నిలబడితే ఏ మేస్త్రీ పిలుస్తాడు? పని లేదు కాబట్టి గది లేదు, గది లేదు కాబట్టి పని లేదు. ఈ ముడిని మీరు విప్పగలిగేది తాళం వేసుకునే పెట్టెలతో, స్నానాల గదితో, బట్టలు ఉతుక్కునే తొట్టితో, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే నాలుగు ప్లగ్గులతో. తలుపు పొద్దున్న 5 గంటలకే తీయాలి. 10 గంటలకి తీస్తే అడ్డాకి వెళ్లాల్సినవాడికి మీరు ఉన్నా లేనట్టే. ఆడవాళ్ల స్నానాల గది విడిగా, లోపల గట్టి గడియతో ఉండాలి. ఇందులో సర్దుబాటు వద్దు.

మొదటి వారం ఎవరినీ ఏమీ అడగకు. ఏమని పిలవమంటారో అడిగితే చాలు. గుమ్మంలోనే రిజిస్టరు పెట్టుకుని ఊరు, కులం, ఇల్లు ఎందుకు వదిలారు అని మొదలుపెడితే మళ్లీ రారు. ఈ ప్రశ్నలన్నీ వాళ్లు పోలీసు దగ్గరా ఆసుపత్రి దగ్గరా వినివినీ విసిగిపోయినవే. "ఏటమ్మా, రేపు కూడా తీస్తారేటి?" అని ఎవరైనా వాళ్లంతట వాళ్లే అడిగారంటే, ఇక కాగితాల మాట ఎత్తవచ్చు.

కాగితాల్లో మొదటిది ఆధార్. పోయిందంటే కొత్తది కావాలని కాదు. నంబరు గుర్తులేకపోయినా ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో పాతదాన్ని వెతికి తీస్తారు. ఇటుకలు మోసి ముద్రలు అరిగిపోయినవాళ్లకి కంటిపాపతో చూడమని అడుగు. తర్వాత జీరో బ్యాలెన్స్ ఖాతా. 60 దాటినవాళ్లకి వార్డు సచివాలయంలో పింఛను సంగతి కనుక్కో. వృద్ధాప్య పింఛను ఇప్పుడు నెలకి 4,000 రూపాయలు, దాన్ని గుమ్మం దగ్గరికే తెచ్చి ఇస్తారు. గుమ్మమే లేనివాళ్ల గురించి అక్కడ నువ్వు కూర్చుని మాట్లాడాలి, ఒక్కసారితో తేలదు. ఓటు మాత్రం తేలికే. ఫారం 6లో తాము పడుకునే చోటే చిరునామాగా రాయవచ్చు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, ఒకటికి మించి రాత్రులు చూసుకుని, నిజంగా అక్కడే పడుకుంటున్నారని నిర్ధారించుకోవాలి. వేరే రుజువు అడగకూడదు. ఓటరు కార్డు చేతికొచ్చిన మనిషి నడకే మారుతుంది, చూస్తావుగా.

జబ్బుల విషయంలో పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికీ, చినవాల్తేరు మానసిక వైద్యశాలకీ దారి బాగా తెలిసి ఉండాలి నీకు. క్షయకి మామూలుగా ఆరు నెలల మందు. మాత్రలు దాచుకునే చోటు లేక మధ్యలో మానేసేవాళ్లు ఉంటారు. వాటిని మీ దగ్గర పెట్టి, రోజూ మీ ఎదుటే వేసుకోనివ్వు. తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగేవాళ్లని చూసి పిల్లలు భయపడతారేమో, నువ్వు భయపడకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇల్లు లేనివాళ్లకి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ వైద్యం ఉచితం, తెల్లకార్డు లేకపోయినా సరే. ఈ సెక్షను 18 కాపీ ఒకటి సంచీలో పెట్టుకుని వెళ్లు. రాత్రివేళ సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యి.

శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. వెంటనే ఊరికి పంపేద్దామని తొందరపడకు. కొట్టే భర్త ఉన్న ఇల్లు ఇల్లు కాదు, పొలం రాయించుకుని గెంటేసిన కొడుకుల ఇల్లూ అంతే. వాళ్లు ఒప్పుకుంటేనే ఇంటికి ఫోను చెయ్యి, అది కూడా వాళ్ల ఎదుటే. రాత్రి పడకకి మన నగర కార్పొరేషన్ జీవీఎంసీ వాళ్ల షెల్టర్లు ఉన్నాయి. వాటిని నడిపేవాళ్లతో స్నేహం చెయ్యి, పోటీ పడకు. లక్ష జనాభాకి వంద మంది పట్టే షెల్టరు ఒకటి చొప్పున ఉండాలన్నది నియమం. 2011 లెక్కల్లోనే మన నగరం 17 లక్షలు దాటింది. కాబట్టి చోటు చాలడం లేదని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

అసలు కష్టం గది దొరికాక మొదలవుతుంది. కంచరపాలెంలోనో మరోచోటో ఇద్దరు ముగ్గురు కలిసి అద్దెకు దిగుతారు. పదిమంది మధ్య పడుకోవడం అలవాటైన మనిషికి నాలుగు గోడల మధ్య నిద్ర పట్టదు. రెండో నెల పని దొరక్క అద్దె ఆగుతుంది, సిగ్గుతో మీకు మొహం చూపించరు. మీరే వెళ్లి పలకరించాలి. మొదటి ఆరు నెలలు వారానికొకసారైనా ఎవరో ఒకరు ఆ గుమ్మం ఎక్కాలి. ఇంటి ఓనరుకి మీ ఫోను నంబరు ఇవ్వండి. గొడవొస్తే సామాను బయట పడేసే ముందు మీకొక ఫోను చేస్తాడు. ఆ ఒక్క ఫోనుతో ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి.

పుట్టినరోజులకి బిర్యానీ పొట్లాలు తెచ్చి పంచుతూ ఫోటోలు దిగుతామని వస్తారు చాలామంది. తలుపు దగ్గరే ఆపెయ్. ముసలాయన చేతిలో పొట్లం పెట్టి కెమెరాలోకి చూడమనడం నాకు ఈ వయసులోనూ కోపం తెప్పిస్తుంది. ఆయన ఊళ్లో ఆ ఫోటో ఎవరు చూస్తారో మనకేం తెలుసు? మనసుంటే గది అడ్వాన్సుల నిధికి ఇమ్మను. దానికి ఎంత వచ్చినా చాలదు. నా వంతు మీ నాన్న చేత పంపిస్తున్నాను, రసీదు రాసి ఉంచు.

ఇట్లు,
మీ అత్తయ్య