పాత ట్రాక్టర్ ఇంజిన్ తడబడుతూ నడవడానికి కారణం ఏమిటి?

పాత డీజిల్ ట్రాక్టర్ ఇంజిన్ తడబడుతూ, కుదుపులతో నడుస్తుంటే ముందుగా చూడాల్సింది డీజిల్ గొట్టాల్లో గాలి చేరిందా, ఫిల్టర్ మూసుకుపోయిందా అన్నదే. డీజిల్ ఒత్తిడికి దాదాపు కుంచించుకోదు, గాలి ఇట్టే కుంచించుకుపోతుంది. డీజిల్ పంపు ఇచ్చే ఒత్తిడంతా ఆ గాలి బుడగను నొక్కడానికే సరిపోతే, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకోదు, ఆ సిలిండర్‌లో ఆ విడత మంట పుట్టదు.

ఉదాహరణకు మూడు సిలిండర్ల ఇంజిన్ అనుకోండి. అది నెమ్మదిగా నడుస్తుండగా నాజిళ్లకు వెళ్లే గొట్టాల నట్లను ఒక్కొక్కటిగా కాస్త వదులు చేసి, మళ్లీ బిగించాలి. ఏ నట్టు వదులు చేసినప్పుడు మిగతా రెండింటిలా చప్పుడు మారలేదో, పని చేయని సిలిండర్ అదే. అక్కడ డీజిల్ నురగలా వస్తే గాలి ఉన్నట్టే. శుభ్రంగా వస్తుంటే నాజిల్‌నో వాల్వులనో అనుమానించాలి. కళ్లద్దాలు తప్పనిసరి. చేయి మాత్రం ఎప్పుడూ అడ్డు పెట్టకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, అది చాలా ప్రమాదం.

చాలామంది డీజిల్ పంపే పాడైందనుకుని నేరుగా దాన్ని విప్పించేస్తారు. కానీ ఫిల్టర్ మార్చిన మర్నాడే తడబాటు మొదలైతే, చాలావరకు అది మార్చాక గాలి పూర్తిగా తీయకపోవడం వల్లే.