గాలితో పనిచేసే రివెట్ గన్: ఏది కొనాలి?

ప్రశ్న: ఇంటి వర్క్‌షాపులో అల్యూమినియం చట్రాలు, రేకు పెట్టెలు చేసుకుంటున్నాను. చేతి రివెటర్‌తో మణికట్టు నొప్పి పుడుతోంది. 24 లీటర్ల కంప్రెసర్ ఉంది. ఎలాంటి ఎయిర్ రివెట్ గన్ తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఈ పేరుతో రెండు వేర్వేరు పనిముట్లు దొరుకుతాయి. విమానాల రేకులకు గట్టి రివెట్లను సుత్తిలా కొట్టే గన్‌కు వెనుక నుంచి ఇనుప దిమ్మెను అదిమిపట్టాలి కనుక, అది మీకు అక్కరలేదు. మీకు కావలసింది పాప్ రివెట్ (ఒక పక్క నుంచే బిగించే, మధ్యలో మేకు ఉండే బోలు రివెట్) మేకును గాలి, ఆయిల్ ఒత్తిడితో లాగి తెంపే రకం. ఇది సుమారు 6 బార్ ఒత్తిడితో పనిచేస్తుంది. ఒక్కో రివెట్‌కు గాలి కొద్దిగానే ఖర్చవుతుంది కాబట్టి మీ కంప్రెసర్ చాలు.

కొనేటప్పుడు గన్ బిగించగల రివెట్ గరిష్ఠ సైజును మాత్రమే చూసి తృప్తిపడకండి. అదే 4.8 మి.మీ. రివెట్ అల్యూమినియందైతే తేలికగా తెగుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలుదైతే చాలా ఎక్కువ బలం కోరుతుంది. అందువల్ల ఏ లోహానికి ఆ సైజు వర్తిస్తుందో అడగండి. లాగే దూరం తక్కువగా ఉన్న గన్ పొడవాటి రివెట్‌ను ఒక్క పట్టుకు తెంపలేదు. 6.4 మి.మీ. గన్ బరువెక్కువ, రేకు పెట్టెల కోసం దాన్ని మోయడం, నా దృష్టిలో, వృథా శ్రమ. తెగిన మేకులను పట్టే డబ్బా ఉన్నదే ఎంచుకోండి, అయినా కళ్లద్దాలు మానవద్దు. గాలి గొట్టానికి తేమను వడకట్టే ఫిల్టర్ తప్పనిసరి. 3.2 మి.మీ. రివెట్‌కు 3.3 మి.మీ. రంధ్రం వేయండి.