ఎస్టోనియా ప్రవాస చిత్రకారుల్లో ఎవరితో మొదలుపెట్టాలి?

ఎస్టోనియా వదిలి వెళ్ళిపోయిన చిత్రకారుల్లో ఒకరి గురించి చెప్పమన్నారు, ప్రవాసపు బాధ బొమ్మల్లో కనిపిస్తుందా అని కూడా అడిగారు. నేనైతే ఎడువార్డ్ వీరాల్ట్ పేరు చెబుతాను. కచ్చితంగా చెప్పాలంటే ఆయన రంగుల పెయింటర్ కాదు. రాగి రేకు మీదా చెక్క మీదా బొమ్మ చెక్కి, కాగితం మీద అచ్చు తీసేవాడు. నేను కాలేజీలో నేర్చుకున్నది ఎచింగే (లోహపు రేకు మీది గీతల్ని యాసిడ్‌తో లోతు చేసి అచ్చు తీసే పద్ధతి), కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, ఏమనుకోకండి.

ఆయన పేరు చెప్పగానే అందరూ చూపించే బొమ్మ ‘నరకం’. తలల్లోంచి తలలు పుట్టుకొస్తుంటాయి, ఏ ముఖమూ స్థిమితంగా ఉండదు. చూడగానే ‘పాపం, దేశం పోగొట్టుకున్న మనిషి’ అనిపిస్తుంది. కానీ అది 1930–32 నాటిది. ఎస్టోనియా నగరం టార్టులోని పల్లాస్ కళాశాలలో చదువు పూర్తిచేసి 1925లో పారిస్ వెళ్ళాడాయన. అప్పటికి ఎస్టోనియా స్వతంత్ర దేశమే, కావాలంటే ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ పీడకల ప్రవాసానిది కాదన్నమాట.

పనితనం సంగతి వేరే చెప్పాలి. మా స్టూడియోలో జింకు ప్లేటు యాసిడ్‌లో దింపాక ప్రతి నిమిషం టెన్షనే. కాస్త ఎక్కువసేపు ఉంచితే దగ్గరదగ్గరగా ఉన్న గీతలు కలిసిపోయి నల్లమచ్చ మిగులుతుంది. ‘నరకం’లో అంత కిక్కిరిసిన గీతలు కూడా దేనికది విడిగా నిలబడ్డాయి. ఆ ఓపిక నాకైతే ఊహకు కూడా అందదు.

తర్వాత మొరాకో వెళ్ళాడు, 1939లో స్వదేశం చేరాడు. విచిత్రమేమిటంటే, చుట్టూ యుద్ధం నడుస్తుంటే ఆయన బొమ్మలు ప్రశాంతంగా మారాయి. 1940లో ఒంటెతో బెర్బర్ (ఉత్తర ఆఫ్రికా తెగ) అమ్మాయి, 1943లో ‘వీర్వె’ అనే పిల్ల ముఖం, ఎస్టోనియాలోని విల్యాండి ఊరి పొలిమేరల దృశ్యం. 1944లో ప్రదర్శన కోసం వియన్నా వెళ్ళాడు. ఆ సెప్టెంబరులో సోవియట్ సైన్యం ఎస్టోనియా రాజధాని తాలిన్‌ను పట్టుకుంది, ఆయన ఇక వెనక్కి వెళ్ళలేదు. స్వీడన్‌లో కొంతకాలం ఉండి 1946లో మళ్ళీ పారిస్ చేరాడు. 1954 జనవరిలో అక్కడే పోయాడు, పేర్ లషేజ్ శ్మశానంలో సమాధి ఉంది. అసలు ప్రవాసం అంటే ఈ పదేళ్ళే. వాటిలో కేకలేసే బొమ్మలేమీ లేవు. నా లెక్కన ఆ బాధ పని తగ్గిపోవడంలోనే కనిపిస్తుంది.

ఆ 1944లోనే పడవల మీద, ఓడల మీద దేశం దాటిన వేలాది మందిలో ఏరిక్ హామర్ కూడా ఉన్నాడు. ఆయన అసలైన పెయింటర్, సముద్రతీరపు జనాన్ని గీసేవాడు. కాన్వాసు ఒక్కటే ఉంటుంది, వెనకే వదిలేస్తే అంతే. అచ్చుబొమ్మకైతే ప్రతులు ఉంటాయి, ఒకటి పోయినా ఇంకోటి ఎవరి దగ్గరో ఉంటుంది.

ఎస్టోనియా ఆర్ట్ మ్యూజియం వాళ్ళ ఆన్‌లైన్ సేకరణలో ‘నరకం’, ‘వీర్వె’ పక్కపక్కన తెరిచి చూడండి. ఫోన్‌లో కాదు, పెద్ద స్క్రీన్ మీద, గీతలు విడివిడిగా కనిపించేదాకా జూమ్ చేసి.