సెనెగల్‌ను తెలుసుకోవాలంటే ‘మందాబి’ చూడండి

ఒక దేశపు సమాజాన్ని, సంస్కృతిని లోపలి నుంచి చూపించే, ఎక్కువ మందికి తెలియని సినిమా ఒకటి చెప్పమన్నారు. నేను పశ్చిమ ఆఫ్రికా దేశం సెనెగల్ నుంచి 1968లో వచ్చిన ‘మందాబి’ పేరే చెబుతాను. ఉస్మాన్ సెంబెన్ తన నవలిక ఆధారంగా తానే దర్శకత్వం వహించారు. అక్కడి జనం మాట్లాడే వోలోఫ్ భాషలో వచ్చిన తొలి పూర్తి నిడివి చిత్రం ఇది.

రాజధాని డాకర్‌లో ఉండే ఇబ్రహీమ డియెంగ్‌కు ఉద్యోగం లేదు. ఇద్దరు భార్యలు, ఏడుగురు పిల్లలు. పారిస్‌లో వీధులు ఊడ్చే మేనల్లుడు 25,000 ఫ్రాంకులు మనియార్డరు పంపుతాడు. అందులో డియెంగ్‌కు దక్కేది 2,000 మాత్రమే. 3,000 మేనల్లుడి తల్లికి ఇవ్వాలి, మిగతాది దాచిపెట్టాలి. ఆ డబ్బు చేతికి రాకముందే ఇంట్లోకి అరువు బియ్యం వస్తాయి, గుమ్మం ముందు ఇరుగుపొరుగు చేరతారు. పోస్టాఫీసులో గుర్తింపు కార్డు అడుగుతారు. కార్డు కావాలంటే జనన ధ్రువపత్రం తెమ్మంటారు. తాను 1900 ప్రాంతంలో పుట్టానన్నంత వరకే అతనికి తెలుసు. వీధిలో అందరూ ఎరిగిన మనిషి, కౌంటరు దగ్గర ఎవరూ కాకుండా పోతాడు.

ఆ ఘట్టం చూస్తూ నేను కదిలిపోయాను. మా నాయనమ్మను వృద్ధాప్య పింఛను కోసం ఒక కార్యాలయానికి తీసుకెళ్లాను. ఏ సంవత్సరంలో పుట్టావని అడిగితే, పెద్ద గాలివాన వచ్చిన నాటికి నడక వచ్చిందని చెప్పింది. గుమాస్తా తలెత్తకుండానే కాగితం ఉందా అన్నాడు. బయటికొచ్చాక చాలాసేపు ఆవిడ మాట్లాడలేదు.

సెంబెన్ గొప్పతనం ఏమిటంటే, డియెంగ్‌ను జాలిపడాల్సిన అమాయకుడిగా మలచలేదు. సినిమా మొదట్లో ఆరుబయట మంగలి అతని తల నున్నగా గొరిగి, ముక్కుపుటాల్లోని వెంట్రుకలు కూడా తీస్తాడు. ఆ కొద్ది క్షణాల్లోనే అతని దర్జా మొత్తం తెలుస్తుంది. ఇంట్లో భార్యల మీద పెత్తనం చేస్తాడు, వీధిలో అంగీ సవరించుకుంటూ హుందాగా నడుస్తాడు. చేయి చాచినవాళ్లను కాదనలేడు. ఫ్రెంచి పాలన 1960లోనే పోయింది, దాని కాగితాలూ భాషా మాత్రం అక్కడే ఉండిపోయాయి. వాటిని చేతబట్టుకుని అతన్ని దోచుకునేవాళ్లు, సూటు వేసుకున్న బంధువుతో సహా, సొంత దేశస్థులే. సెంబెన్ కోపం నాకు అక్కడే ఎక్కువగా వినిపించింది.

2019లో పునరుద్ధరించిన ప్రతి దొరికితే అదే చూడండి, రంగులు బాగుంటాయి. భార్యలు మేటీ, అరామ్‌లను మాత్రం జాగ్రత్తగా గమనించండి. అడిగేవాళ్ల తాకిడి తగ్గాలంటే డబ్బు దొంగలపాలైందని ఊరంతా చెప్పాలన్న ఉపాయం ఆ ఇంట్లో తట్టింది వాళ్లకే.