యానింగ్ తప్పు ఒప్పుకున్నాక కూడా యావజ్జీవం ఎందుకంటే

‘జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్’ (1961) సినిమాలో, నాజీల కాలంలో జడ్జిగా పనిచేసి యుద్ధం తర్వాత విచారణకి నిలబడ్డ యానింగ్ అంత నిజాయితీగా తప్పు ఒప్పుకున్నా యావజ్జీవ శిక్ష ఎందుకు వేశారని అడిగారు కదండీ. జవాబు ఆయన వాంగ్మూలంలోనే ఉంది, ఆ సీన్ మళ్లీ చూడండి. ఆర్యన్ అమ్మాయితో సంబంధం ఉందని ఫెల్డెన్‌స్టైన్ అనే యూదుడి మీద పెట్టిన కేసులో సాక్ష్యం ఏదైనా సరే, దోషి అనే తేల్చాలని కోర్టులో అడుగు పెట్టకముందే నిర్ణయించుకున్నానంటాడు. అంటే తెలిసి తెలిసి నిర్దోషిని చావుకి పంపిన జడ్జి. పశ్చాత్తాపం నిజమే, యానింగ్‌గా నటించిన బర్ట్ లాంకాస్టర్ గొంతులో అది వినిపిస్తుంది కూడా, కానీ నేరం చెరిగిపోదు. చివర్లో జైలు గదిలో, ఆయనకి శిక్ష వేసిన అమెరికన్ జడ్జి హేవుడ్ ఆయనకి చెప్పేదీ ఇదే.

ఇంకొకటి గమనించండి. అప్పుడు బెర్లిన్ సంక్షోభం (సోవియట్ వాళ్లు పశ్చిమ బెర్లిన్‌కి దారులు మూసేశారు), అమెరికాకి జర్మన్ల మద్దతు కావాలి, చూసీ చూడనట్టు పొమ్మని హేవుడ్ మీద ఒత్తిడి. తోటి జడ్జి ఒకరు తీర్పుతో విభేదించారు కూడా. ఆ టెన్షన్‌లో దేశం కోసమని న్యాయాన్ని పక్కనపెట్టి శిక్ష తగ్గించి ఉంటే, యానింగ్ చేసిన పనే హేవుడ్ కూడా చేసినట్టయ్యేది.