నల్లరేగడిలో కంకర బాట

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వీధి గేటు నుంచి పెరటి తులసికోట దాకా కంకర బాట వేయించాలనుకుంటున్నానని, ఎంత కంకర తెప్పించాలో చెప్పమని రాశావు. గుంటూరులో మీ స్థలం అసలైన నల్లరేగడి కాబట్టి, పైన పరిచే రాయి కంటే ముందు అడుగున ఉన్న మట్టి సంగతి చూడాలి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ మట్టి మీద నేరుగా కంకర పోస్తే, వేసవిలో కొంత నెర్రెల్లోకి జారిపోగా మిగిలినదాన్ని వానాకాలపు బురద మింగేస్తుంది.

అందువల్ల వానలు వెనకబట్టి, మట్టిలో పదును ఇంకా మిగిలి ఉండే సంక్రాంతి రోజులలో పని మొదలుపెట్టు. మూడడుగుల వెడల్పున పురికొస కట్టించి, ఎనిమిది అంగుళాల లోతు తవ్వించు. తుంగగడ్డలు, గరిక వేళ్లు కనబడినంత మేర ఏరించు. కూలీలు విసుక్కున్నా దగ్గరే నిలబడు, ఎందుకంటే తుంగమొలక అడ్డంగా ఏ పట్టా పరిచినా పొడుచుకుని పైకి వస్తుంది. గోతి అడుగున ఇంటి పునాదికి దూరంగా, మూడడుగుల వెడల్పుకు ముప్పావు అంగుళం వాలు పెట్టించి దిమ్మిస కొట్టించు. నల్లరేగడి నీటిని త్వరగా ఇంకనివ్వదు కనుక ఆ గోతిలోకి దిగిన వాననీరు అక్కడే నిలిచిపోతుంది. పల్లపు అంచు నుంచి మొక్కల పాదుల్లోకో కాలువలోకో దారి వదలకపోతే మిగిలిన పనంతా వృథా.

మేస్త్రీ నల్ల ప్లాస్టిక్ పట్టా పరుద్దామంటాడు. ఒప్పుకోవద్దు. నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ తెప్పించి, అతుకుల దగ్గర ఒక అడుగు మేర ఒకదానిపై ఒకటి వచ్చేలా పరిపించు. దాని మీద రోడ్ల కాంట్రాక్టర్లు వెట్ మిక్స్ అని పిలిచే, చిన్నా పెద్దా కంకరా రాతిపొడీ కలిసిన మిశ్రమాన్ని ఒకేసారి కుమ్మరించకుండా మూడేసి అంగుళాల చొప్పున రెండు వరుసలుగా పోయించి, ఒక్కొక్క వరుసనూ తడిపి దిమ్మిస కొట్టించు. అంచులకు మాచర్ల నాపరాతి ముక్కలను నిలువుగా పాతిస్తే కంకర పక్కలకు జారదు.

పై పొర రెండు అంగుళాలు చాలు. నున్నని గులకరాళ్లు చూడడానికి ముచ్చటగా ఉంటాయి కానీ ఒకదానినొకటి పట్టుకోవు కనుక కాలి కింద దొర్లుతాయి. మీ అత్తగారు చేతికర్రతో నడిచే ఇంట్లో అవి వద్దు. పది పన్నెండు మిల్లీమీటర్ల క్వారీ కంకర అయితే బాగా సర్దుకుంటుంది. అంతకంటే సన్నని చిప్స్ చెప్పులకు అంటుకుని హాల్లోకి వస్తాయి. తులసికోట దగ్గరకు ఎటూ వట్టి కాళ్లతోనే వెళతారు కాబట్టి, అడుగు వేసే చోటల్లా ఒకటి పడేలా వెడల్పాటి నాపరాళ్లు కంకర మట్టానికి అమర్చించు.

నలభై అడుగుల బాటకు కింది మిశ్రమం అరవై ఘనపుటడుగులు పడుతుంది, దిమ్మిసకు అణిగేది కలుపుకుని డెబ్భై ఐదు చెప్పు. పై కంకర ఇరవై, మొదటి వానాకాలం తరువాత గుంటలు పడిన చోట పోసుకోవడానికి మరో రెండు మూడు బస్తాలు. వేపచెట్టు ఆకు రాల్చేటప్పుడు మాత్రం రోజూ ఊడిపించు, కంకరలో కుళ్లిన ఆకే మట్టిగా మారి గడ్డి మొలిపిస్తుంది.

ఇట్లు,
పెదనాన్న