ఎంబీఏలో అసలు ఏం చదివిస్తారు? బీఎస్సీ చదివినవాళ్లు తట్టుకోగలరా?

నర్సంపేటలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నానని, ఇంట్లో కిరాణా దుకాణం ఉందని, ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయాలనుకుంటున్నానని రాశారు. కామర్స్ వాసన కూడా తెలియని మీరు ఎంబీఏలో ఏం చదవాల్సి వస్తుందన్నది మీ భయం. నేనూ బీఎస్సీ తర్వాతే హనుమకొండలో ఎంబీఏ చదివాను. మా నాన్నది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం, అంటే రైతుల సరుకును కమిషన్ మీద అమ్మిపెట్టే వ్యాపారం. కాబట్టి నాకు జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఐసెట్‌లో 200 ప్రశ్నలుంటాయి, 150 నిమిషాల సమయం ఇస్తారు. విశ్లేషణ, గణితం, భాషా సామర్థ్యం తప్ప అకౌంట్స్‌కు వేరే విభాగమేమీ ఉండదు. అన్ని డిగ్రీలవాళ్లూ చేరతారని తెలిసే పాఠాలు మొదటి అక్షరం నుంచి మొదలుపెడతారు. ఆ సంగతి తెలియక మొదటి నెల నేను అనవసరంగా వణికిపోయాను.

ఎంబీఏ అంటే రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. మొదటి ఏడాది అందరికీ ఒకే పాఠాలు: నిర్వహణ సూత్రాలు, అకౌంట్స్, ఆర్థికశాస్త్రం, గణాంకాలు, వ్యాపార చట్టాలు, మార్కెటింగ్, మానవ వనరులు, ఫైనాన్స్, ఉత్పత్తి నిర్వహణ. పేర్లు, వరుస విశ్వవిద్యాలయాన్ని బట్టి కొంత మారతాయి. రెండో ఏడాది ఫైనాన్స్, మార్కెటింగ్, మానవ వనరులు వంటి వాటిలో మీకు నచ్చిన దారి ఎంచుకుంటారు. చివర్లో ప్రాజెక్టు, మౌఖిక పరీక్ష.

వీటన్నిటికీ వెన్నెముక అకౌంట్సే. నన్ను మొదట్లో బాగా తికమక పెట్టినది డెబిట్, క్రెడిట్. మీ ఖాతాలో డబ్బు పడగానే క్రెడిట్ అయిందని బ్యాంకు సందేశం పంపుతుంది. కానీ మన పుస్తకంలో అదే డబ్బును డెబిట్ వైపు రాయమని సార్ చెప్పారు. రెండు వారాలు నాకు ఇది అంతుపట్టలేదు. ఆ సందేశం బ్యాంకు పుస్తకం ప్రకారం వచ్చిందని, ఆ డబ్బు బ్యాంకు మనకు పడ్డ బాకీ అని అర్థమైన రోజున ముడి విడిపోయింది. ప్రతి లావాదేవీకి రెండు వైపులుంటాయన్న ఈ పద్ధతిని ఇటలీకి చెందిన లూకా పాచోలీ 1494లోనే పుస్తకంలో అచ్చు వేయించాడు. దాన్ని బట్టీ పట్టవద్దు. ప్రతిసారీ ‘ఇది ఎవరి పుస్తకం?’ అని మిమ్మల్ని మీరే అడగండి.

ఫైనాన్స్‌లో నాకు కళ్లు తెరిపించినది వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ వ్యాపారం నడపడానికి కావలసిన డబ్బు గురించిన పాఠం. సీజన్‌లో మా దుకాణం పత్తి బస్తాలతో నిండిపోయేది, నాన్న మాత్రం చేతిలో డబ్బు ఆడక సతమతమయ్యేవారు. ఇంత వ్యాపారం జరుగుతుంటే అప్పు ఎందుకో నాకు బోధపడేది కాదు. ఒక లెక్క వేసి చూపిస్తాను. రైతుకు 10 లక్షల రూపాయలు ఆ రోజే చెల్లించామనుకోండి. కొన్న మిల్లు మనకు 20 రోజుల తర్వాత ఇస్తుంది. ఏడాదికి నూటికి 12 రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బయితే ఆ 20 రోజులకు సుమారు 6,500 రూపాయలు వడ్డీ. కమిషన్ నూటికి 2 రూపాయలనుకుంటే వచ్చేది 20,000. అంటే మూడో వంతు వడ్డీకే పోయింది. హమాలీల ఖర్చు, దుకాణం అద్దె, గుమాస్తా జీతం మిగిలినదాంట్లోంచే రావాలి. లాభం ఉండటం వేరు, చేతిలో డబ్బుండటం వేరు. ఆ పాఠం విన్న రాత్రి ఇటువంటి లెక్కే కాగితం మీద వేసి నాన్నకు చూపించాను. ఆయన చాలాసేపు ఆ కాగితం చూసి, ఆలస్యంగా చెల్లించే ఇద్దరు కొనుగోలుదారుల పేర్లు చెప్పారు.

వ్యాపార చట్టాల పాఠాన్ని చాలామంది గట్టెక్కడానికే చదువుతారు. నాకు మాత్రం ఆ పాఠం గుండెలో ముల్లులా దిగింది. నేను చేరడానికి ముందు ఏడాది ఒక మిల్లు నాన్నకిచ్చిన చెక్కు బౌన్స్ అయింది. ఆయన నెలల తరబడి వాళ్ల గడప చుట్టూ తిరిగారు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 138వ సెక్షన్ చెప్పిన రోజున తెలిసింది: చెక్కు తిరిగి వచ్చిందని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది అందాక చెల్లించడానికి వాళ్లకు 15 రోజుల గడువు, అప్పటికీ ఇవ్వకపోతే నెలలోగా కోర్టులో ఫిర్యాదు. మా గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇంట్లో ఒక్కరికి ఈ మూడు తేదీలు తెలిసి ఉంటే సరిపోయేది. అందుకే ఆ పుస్తకాన్ని చిన్నచూపు చూడవద్దని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఆర్థికశాస్త్రంలో డిమాండ్, సరఫరా గీతలు గీయిస్తారు. అవి బోర్డు మీద పొడిగా కనిపిస్తాయి. ఒకసారి పత్తి సీజన్‌లో ఉదయాన్నే ఎనుమాములకు వెళ్లి జెండా పాట, అంటే ఆ రోజు మొదట జరిగే వేలం చూడండి. నాణ్యమైన సరుకుకు పలికిన ధర అందరి నోటా తిరుగుతుంది, తేమ ఎక్కువున్న బస్తాల రైతుకు చేతికొచ్చేది మాత్రం అంతకంటే తక్కువ. ఒకే సరుకుకు ఒకే ధర ఉంటుందన్న ఊహ అక్కడే చెదిరిపోతుంది.

మీలా సైన్సు చదివినవాళ్లకు కలిసివచ్చేవి గణాంకాలు, ఆపరేషన్స్ రీసెర్చ్. మూడు ధాన్యం కొనుగోలు కేంద్రాల నుంచి నాలుగు రైస్ మిల్లులకు లారీలు పంపాలి, ఏ కేంద్రం సరుకు ఏ మిల్లుకు వెళితే రవాణా ఖర్చు అతి తక్కువ? ఇటువంటి లెక్కలు ఉంటాయి. బీకాం మిత్రులు అకౌంట్స్‌లో నాకు సాయపడితే, నేను ఇందులో వాళ్లకు సాయపడ్డాను. మానవ వనరుల పాఠాలలో సిద్ధాంతాలు ఎక్కువ. మా తరగతిలో గోదావరిఖని నుంచి వచ్చిన మిత్రుడు ఉండేవాడు. సింగరేణి లాభాల్లో కార్మికులకు ఇచ్చే వాటా గురించి అతను ఇంటి సంగతిగా చెబుతుంటే ప్రోత్సాహకాల పాఠం మా అందరికీ బాగా నాటుకుంది.

ఇక ప్రాజెక్టు. తయారుగా దొరికే ప్రాజెక్టులు కొని, పేరు మార్చి, బైండింగ్ చేయించి ఇచ్చేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయవద్దు. రెండేళ్లలో మీ సొంత కాళ్లతో నడిచే ఒకే ఒక్క అవకాశం అది. నేను వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీల (నూలు తివాచీల) ఖర్చు లెక్కల మీద చేశాను. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన విషయం మీకు తెలిసే ఉంటుంది. నేను కలిసిన ఒక నేత కార్మికుడు అమ్మిన ధరలోంచి నూలు, రంగు ఖర్చు తీసేసి, మిగిలింది లాభమన్నారు. మగ్గం దగ్గర ఆయన కూర్చున్న రోజుల కూలి, ఇంట్లో ఆయన భార్య కండెలు చుట్టిన శ్రమ ఆ లెక్కలో లేనే లేవు. రెండూ కలిపి చూస్తే మిగిలింది చాలా స్వల్పం. ఖర్చుల పాఠం పుస్తకంలో ఇరవై పేజీలే, దాని బరువు ఆ ఇంటి అరుగు మీద తెలిసింది.

ఇంగ్లిషు గురించి కూడా అడిగారు. పాఠాలు, పరీక్షలు ఇంగ్లిషులోనే. నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమమే. ప్రతి వారం ఎవరో ఒకరు లేచి నిలబడి ఒక విషయం వివరించాలి. మొదటి రెండుసార్లు నా గొంతు వణికింది, మూడోసారి నుంచి సర్దుకుంది. పదాలు కొత్తవే కానీ అవి చెప్పే సంగతులు మీ దుకాణంలో రోజూ జరిగేవే.

తరగతులు మొదలవడానికి ముందు ఒక పని చేయండి. మీ నాన్నగారిని అడిగి ఒక నెల లెక్కలు తీసుకోండి. ఒక కాగితం మీద ఎడమవైపు దుకాణంలో ఉన్న సరుకు విలువ, రావలసిన ఉద్దెర, గల్లాలో ఉన్న నగదు, బ్యాంకులో ఉన్నది రాయండి. కుడివైపు టోకు వ్యాపారికి ఇవ్వాల్సింది, అప్పులు రాయండి. ఎడమ మొత్తంలోంచి కుడి మొత్తం తీసేస్తే వచ్చేదే ఆ వ్యాపారంలో మీ సొంత పెట్టుబడి. అన్నిటికంటే ముందు ఉద్దెర మొత్తం ఎంతో చూడండి. చేశాక ఇక్కడే రాయండి, ఎక్కడైనా చిక్కుపడితే కలిసి సరిచూద్దాం.